సోమన్న గొంతుకు సరిపడే పెట్టె

తెలివి ఎక్కడ దొరుకుతుందని గుమ్మడిలంకలో ఎవరైనా అడిగితే, కోదండం తన చొక్కా గుండీ మీద వేలు పెట్టి చూపించేవాడు. పక్కన తమ్ముడు బుల్లబ్బులు ఉంటే అతనూ వేలు పెట్టేవాడు, అన్న చొక్కా మీదే. అన్న చూపించింది అక్కడే కదా మరి.

ఊళ్ళో వాళ్ళ ఇంటిని 'ఒక్కమాటోరిల్లు' అనేవారు. ఆ పేరు చెవిన పడితే ఆ ఇంటి మగవాళ్ళు మీసం దువ్వుకునేవారు, ఆడవాళ్ళు కొంగు సర్దుకునేవారు. ఒకసారి చెబితే చాలు, రెండోసారి చెప్పించుకోని ఇల్లది. ఎందుకని అడగరు, ఎలాగని అడగరు. అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టేనని వాళ్ళ లెక్క. ఊరివాళ్ళు ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా అందుకే అడగలేదు.

ఈ అలవాటు వాళ్ళ నాన్న సోమన్న నేర్పింది. ఆయనకి కోపం ముక్కు మీదుండేది. ఒక మాట రెండోసారి చెప్పాల్సి వస్తే కంచం విసిరేవాడు. కంచాలు పగిలేవి కావు, సొట్టలు పడేవి. సొట్ట కంచాల్లో తిని పెరిగిన పిల్లలకి ప్రశ్న అనేది గొంతులోనే అరిగిపోయింది. బళ్ళో కూడా అలాంటి పిల్లలకే బుద్ధిమంతులని పేరొస్తుంది, అది వేరే సంగతి.

సోమన్న నాటకాల్లో పద్యాలు పాడేవాడు. ఆయన రాగం ఎత్తుకుంటే గోదావరి పాయకి అవతల మేస్తున్న పశువులు తలెత్తి చూసేవి. ఆయన పోయాక ఇంట్లో మూడు వస్తువులు మిగిలాయి. రాజమండ్రి నుంచి వచ్చిన స్నేహితుడొకడు ఆయన పద్యాన్ని పట్టిన టేపు ఒకటి. ఆ స్నేహితుడే వదిలివెళ్ళిన, పెద్ద చక్రాలు తిరిగే టేపు యంత్రం ఒకటి. నాటక సమాజం మూతపడి సామాన్లు పంచుకున్నప్పుడు వాటాకొచ్చిన వాల్వుల ఆంప్లిఫయరు ఒకటి. టేపు యంత్రం తిరుగుతుంది కానీ దానికి సొంత గొంతు పోయింది. దాని నోటి మాట ఆంప్లిఫయరులోకి వెళ్ళి, అక్కడి నుంచి స్పీకరులోకి వెళితే గానీ బయటికి వినబడదు. ఇంట్లో స్పీకరు లేదు.

ఆ టేపు వినాలని ఆరాటమంతా సోమన్న భార్య మంగాయమ్మది. పద్యం కోసం కాదు, పద్యాలు ఆమె బోలెడు విన్నది. పెళ్ళయిన నాటి నుంచి మొగుడు ఆమెని 'ఏమే' అన్నాడు, 'ఇదిగో' అన్నాడు, 'ఎక్కడున్నావ్' అన్నాడు. పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. ఆ టేపు పట్టిన రోజు మాత్రం, పట్నం మనిషి ఎదురుగా ఉన్నాడని కాబోలు, 'మంగా' అని పిలిచాడట. ఆ పిలుపు టేపులో పడిందని ఆమె నమ్మకం. సోమన్న చెల్లెలు రత్తమ్మ మాత్రం నమ్మలేదు.

"మా అన్నయ్య నిన్ను పేరు పెట్టి పిలవడమేంటి వదినా. గేదెని పిలిచుంటాడు. దాని పేరూ మంగే కదా," అనేది ఎప్పుడొచ్చినా.

 మంగాయమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినేది కాదు.

కొడుకులిద్దరూ అమ్మ బాధ చూడలేక టేపూ ఆంప్లిఫయరూ పట్టుకుని పడవెక్కి అమలాపురం వెళ్ళారు. అక్కడ పట్టాభి అని రేడియోలు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆయన టేపుని వెలుతురుకి పెట్టి చూసి, ఇది పొట్టు రాలిపోతోంది, ఒక్కసారి తిరుగుతుందేమో, రెండోసారికి ఉండదు అని చెప్పాడు. ఆంప్లిఫయరు చిన్నది కాబట్టి చిన్న స్పీకరు చాలని, పాతది ఒకటి ఇస్తానని కూడా అన్నాడు. కోదండానికి ఆ మాట నచ్చలేదు. నాన్న గొంతు ఎంతది, ఈ పెట్టె ఎంతది? ఏనుగుని కుంచంలో పెడతారా? బుల్లబ్బులు కూడా చేతులతో కొలిచి, నాన్న తల కూడా ఇందులో పట్టదన్నయ్యా అన్నాడు. అంతే. స్పీకరు వద్దని లేచి వచ్చేశారు.

కాకినాడలో ఒక ఇంజనీరుగారు బదిలీ మీద వెళుతూ స్పీకరు పెట్టెలు అమ్మేస్తున్నాడని తెలిసి అక్కడికి పోయారు. బీరువాలంత పెట్టెలు రెండు. మందమైన చెక్క, చీమ దూరే సందు లేకుండా బిగింపు. నలుగురు పడితే గానీ కదలవు. వాటిని పడవ మీద తెస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు, ఎవరింట్లోనో పెళ్ళి సామాను కాబోలనుకున్నారు.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి తెలుసుకోవాలి. స్పీకరులో ఒక డొప్ప ఉంటుంది, అది ఊగితేనే శబ్దం. కొన్నిట్లో డొప్ప పలచటి కాగితం, పలకరిస్తే చాలు పలుకుతుంది. కొన్నిట్లో డొప్ప బరువు, పెట్టె బిగింపు. వాటిని ఊపాలంటే వెనకనున్న ఆంప్లిఫయరుకి చాలా బలం కావాలి. వాల్వుల ఆంప్లిఫయరంటే లోపల గాజుబుడ్లు దీపాల్లా వెలుగుతూ పనిచేసేది. గొంతు తియ్యన, బలం కొంచెం. కాబట్టి దానికి పెద్ద పెట్టె కాదు, సులువుగా పలికే పెట్టె కావాలి. ఇంతే విషయం. ఇంత చిన్న విషయాన్ని ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు అమలాపురంలో లేకపోయారు. పట్టాభికి ఏదీ ఉన్నదున్నట్టు చెప్పడం ఇష్టం ఉండదు. ప్రతిదానికీ ఒక పోలిక తెస్తాడు. పోలిక తెచ్చి, ఎలా ఉంది అన్నట్టు కళ్ళజోడు పైనుంచి చూస్తాడు.

ఇంటికొచ్చి తీగలు కలిపి, టేపు అరిగిపోకుండా, గుళ్ళోంచి తెచ్చిన మైకులో బుల్లబ్బులు చేత 'హలో' అనిపించి చూశారు. దుప్పటి కింద దోమ తిరిగినట్టు వినబడింది. మళ్ళీ పడవ, మళ్ళీ పట్టాభి. ఆయన వీళ్ళు చెప్పింది విని, తల కూడా ఎత్తకుండా సెలవిచ్చాడు.

"మీ ఆంప్లిఫయరు దూడ. ఆ పెట్టెలు రాళ్ళేసిన బండి. దూడకి బండి కడితే లాగుతుందా?"

లాగదండి అన్నారు ఇద్దరూ. ఇంకేమైనా అడుగుతారేమోనని పట్టాభి కాసేపు చూశాడు. ఒక్కమాటోరింటివాళ్ళు అడుగుతారా? దణ్ణం పెట్టి వచ్చేశారు.

దారిలో కోదండం లెక్క వేశాడు. దూడ లాగాలంటే రెండు పనులు చెయ్యాలి. దూడకి మేత పెట్టాలి, బండి బరువు దించాలి. ఇంకేముంది, పెట్టెల వెనక చెక్కలు ఊడబీకారు. లోపల దట్టంగా కుక్కిన దూది కనబడింది. ఇదా బరువు అని మొత్తం పీకి అరుగు మీద ఎండబెట్టారు. కోదండం భార్య వరదమ్మ అందులో సగం తీసి తలగడలు కుట్టేసింది. ఆ తర్వాత ఆంప్లిఫయరుని వసారాలో పెట్టి, దాని ముందు పచ్చగడ్డి వేసి, కుడితి గోలెం పెట్టి, తింటుందేమోనని దూరంగా కూర్చున్నారు.

ఆంప్లిఫయరు తినలేదు. సిగ్గేమో, మనం చూస్తున్నామని, అంది వరదమ్మ. అందరూ మొహాలు అటు తిప్పుకున్నారు.

అప్పుడొచ్చింది గేదె దూడ. గడ్డి తిన్నది, కుడితి తాగింది, వెనక్కి తిరగబోయి కాలికి తీగ చుట్టుకుని బెదిరింది. ఒకటే పరుగు. దాని వెనక ఆంప్లిఫయరు, ఆంప్లిఫయరు వెనక తీగ, తీగ వెనక బుల్లబ్బులు. కొబ్బరితోట అంతా ఒక చుట్టు చుట్టి వచ్చాయి.

"లాగదన్నాడే పట్టాభి. లాగిందా లేదా?" అన్నాడు కోదండం, గర్వంగా.

ఒక గాజుబుడ్డి మాత్రం పగిలింది.

ఈసారి బుల్లబ్బులు ఒక్కడే వెళ్ళాడు. పట్టాభి కొత్త వాల్వు వేశాడు, ఆంప్లిఫయరులో గడ్డిపరకలు ఎందుకున్నాయని అడిగి, జవాబు విని, వాటిని ఒక్కొక్కటే ఏరి పారేశాడు. తర్వాత ఇంకో పోలిక తీశాడు. ఇది పాతకాలపు ముసలాయన లాంటిదయ్యా, లేవగానే పాడమంటే పాడదు, కాస్త వేడెక్కనివ్వాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. తోడు లేకుండా దీన్ని వెలిగించావో, లోపల్లోపలే కాలిపోతుంది.

ఆ తోడు స్పీకరే. ఆంప్లిఫయరులో పుట్టిన బలం స్పీకరులోకి పోవాలి. పోయే దారి లేకపోతే లోపలున్న తీగచుట్టని అదే కాల్చేస్తుంది. ఈ ముక్క పట్టాభి అనలేదు, బుల్లబ్బులు అడగలేదు.

ఇంటికి తెచ్చి ముసలాయన్ని పీట మీద కూర్చోబెట్టారు. వేడెక్కాలి కదా, కింద కుంపటి పెట్టారు. పైన ఉన్ని రగ్గు కప్పారు. వరదమ్మ శొంఠి కషాయం కాచి పక్కన పెట్టింది. స్పీకరు పెట్టెలు పెరట్లో ఎండుతున్నాయి, వాటి అవసరం ఎవరికీ తోచలేదు. తోడుకి బుల్లబ్బులు ఉన్నాడు. అతను పక్కన చాప వేసుకుని, మీట నొక్కి, కబుర్లు మొదలుపెట్టాడు. కొబ్బరికి తెగులు పట్టిందన్నాడు. తనకి పెళ్ళి కుదరడం లేదన్నాడు. అన్న తనకి తెలివి లేదనుకుంటున్నాడన్నాడు. గాజుబుడ్లు ఎర్రగా వెలుగుతూ విన్నాయి.

"వదినా, ఇంత ఓపిగ్గా నా మాట విన్నవాళ్ళు ఈ ఇంట్లో లేరు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

కాసేపటికి రగ్గు కింద నుంచి పొగ వచ్చింది. బుల్లబ్బులు దగ్గాడు గానీ లేవలేదు, తోడు వదలకూడదు కదా. కోదండం గుమ్మంలోంచి తొంగి చూసి, ముసలాయన చుట్ట ముట్టించాడురా, అంటే మనలో కలిసిపోయాడన్నమాట అన్నాడు. ఇల్లంతా కమురు కంపు కొట్టాక, ఏం చుట్టో ఇది, నాన్న చుట్టే నయం అనుకున్నారు. అంతే. గాజుబుడ్లు ఆరిపోయాయి.

 ఆ రోజు మంగాయమ్మ టేపు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. మూత తీసినప్పుడల్లా ఆమె చీర మీద గోధుమరంగు పొడి రాలుతోంది. ఆ పొడిలో తన పేరు ఉందేమోనని ఆమె భయం. రత్తమ్మ వచ్చి, ఇంకెక్కడి పిలుపు వదినా, గేదెని అడుగు, అదే చెబుతుంది అని నవ్వి పోయింది.

ఇక మగవాళ్ళ వల్ల కాదని వరదమ్మ బయల్దేరింది. పట్టాభి కాలిన ఆంప్లిఫయరు విప్పి, తల పట్టుకున్నాడు. తీగచుట్ట కొత్తగా చుట్టాలి, ఇక్కడే ఉంచి వెళ్ళమన్నాడు. అప్పుడైనా సూటిగా చెప్పొచ్చు. చెప్పలేదు.

"అసలు తప్పు సంబంధంలోనే ఉందమ్మా. ఈడూ జోడూ లేనివాళ్ళని కలిపారు. ముందు ఆ రెండింటికీ జోడు కుదర్చండి, అప్పుడు నేనే వచ్చి కలుపుతాను."

ఇది వరదమ్మకి బాగా అర్థమైంది. ఆమె స్వయంగా నాలుగు సంబంధాలు కుదిర్చిన మనిషి. కొంగు అంచు చింపి ఆంప్లిఫయరు ఎత్తు కొలుచుకుని ముడి వేసుకుంది. ఇంటికొచ్చి ఆ ముడి స్పీకరు పెట్టె పక్కన పెట్టి చూపించింది. ఆయన ముడుకంత, ఈవిడ తలుపంత. పిల్లాడు పొట్టి, పిల్ల పొడుగు. చూసినవాళ్ళు నవ్వరూ?

పిల్లాణ్ణి పొడుగు చెయ్యడం ఎవరి వల్లా కాదు. పిల్లని పొట్టి చెయ్యొచ్చు. కోదండం రంపం తెచ్చాడు.

అన్నదమ్ములిద్దరూ అటొకరు ఇటొకరు పట్టి, కొంగు ముడి ఎంత చెబితే అంత దగ్గర కోశారు. చెక్క తెగింది, డొప్ప తెగింది, లోపలి ఇనుము దగ్గర రంపం మొండికేస్తే గొడ్డలి తెచ్చారు. రెండోది కూడా అలాగే. కోసిన కింది ముక్కలు రెండూ వరసగా నిలబెట్టి వరదమ్మ ముడి పెట్టి చూసింది. వెంట్రుక తేడా లేదు. ఈడూజోడూ అంటే ఇదీ అని కోదండం మళ్ళీ గుండీ మీద వేలు పెట్టుకున్నాడు.

పట్టాభి ఆంప్లిఫయరు చంకన పెట్టుకుని పడవ దిగి వచ్చాడు. పెట్టెలు చూశాడు. పై ముక్కలు ఏవని అడిగాడు. ఒకటి కోళ్ళగూడు అయింది, రెండోది ఇంకా ఏమీ కాలేదు అని చెప్పారు. ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ఆయన నోటికి పోలిక రాకపోవడం అదే మొదలు. మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ పడవెక్కి వెళ్ళిపోయాడు.

మంగాయమ్మ రేవు దాకా వెళ్ళి నిలబడింది. ఆయన ఇక రాడనుకుంది. కానీ పట్టాభి వచ్చాడు. ఒకప్పుడు టూరింగ్ టాకీసులో తెర వెనక పాడిన స్పీకరు తెచ్చాడు. డొప్ప పలచటి కాగితం, ఊదితే ఊగుతుంది. మొదటిసారి అన్నదమ్ములు వద్దని లేచి వచ్చింది దాన్నే. పీట మీద పెట్టి, చేతులు కడుక్కుని, పోలికలన్నీ గోదాట్లో వదిలేసి వచ్చినవాడిలా సూటిగా చెప్పాడు.

"ఈ తీగ ఇక్కడ. ఆ తీగ అక్కడ. మీరెవరూ ఏదీ ముట్టుకోకండి."

నలుగురూ చేతులు పైకెత్తారు. ఏదీ అన్నాడు కదా. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేదు. రత్తమ్మ కూడా వచ్చి గుమ్మంలో చతికిలబడింది, గేదె పేరు వినడానికి.

పట్టాభి మీట నొక్కాడు. బుడ్లు ఎర్రబడేదాకా ఆగాడు. చక్రాలు తిరగడం మొదలైంది. గోధుమరంగు పొడి ధారగా రాలుతోంది. మొదట చెరువులో వాన పడినట్టు చప్పుడు. తర్వాత గిన్నెలు కడుగుతున్న మోత. తర్వాత గొంతు సవరించుకున్న దగ్గు. ఆ దగ్గు వినగానే కొడుకులిద్దరూ, ఎత్తిన చేతులు దించకుండానే, లేచి నిలబడ్డారు. కాగితపు స్పీకరులోంచి సోమన్న, పక్కగదిలో ఉన్నవాడిలా, పలికాడు.

"మంగా. ఆ గిన్నెల చప్పుడు ఆపు. నేను మళ్ళీ చెప్పేదాకా ఈ ఇంట్లో ఎవరూ నోరు మెదపకుండా చూడు."

మంగాయమ్మ కళ్ళు మూసుకుంది. గిన్నెలు తోమే గేదె ఎక్కడా ఉండదు. రత్తమ్మకి కూడా ఆ సంగతి తెలిసింది, ఏదో అనబోయింది. అంతే. మంగాయమ్మ ఒక్క అడుగులో వెళ్ళి ఆమె నోరు మూసింది.

పద్యం మొదలైంది. ఏం గొంతు. వసారాలో కోళ్ళు కదలడం మానేశాయి. రాగం పైకి, ఇంకా పైకి వెళ్ళింది, అక్కడ గాలిలో నిలబడింది. నిలబడి ఉండగానే పొడి మొత్తం రాలిపోయి, నున్నటి ఉత్త రిబ్బను చక్రానికి చుట్టుకుని తిరగసాగింది. రాగం దిగలేదు. పద్యం పూర్తి కాలేదు. ఇక మాట్లాడొచ్చని సోమన్న చెప్పలేదు.

పట్టాభి మీట కట్టేశాడు. చాలా రోజులకి తన పని తాను సరిగా చేసుకోగలిగినందుకు ఆయన కళ్ళు చెమర్చాయి, ఆ సంతోషంలో పోలికలు కూడా తిరిగొచ్చాయి. "చూశారా, ఇది ఎలాగంటే," అని మొదలుపెట్టాడు. మంగాయమ్మ రెండో చెయ్యి ఆయన నోటి మీద పడింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాట లేదు. ఇంట్లో అన్నాడు కాబట్టి ఇంట్లోనే లేదు. ఉప్పు తక్కువైందని చెప్పాలంటే కోదండం కంచం పట్టుకుని వీధిలోకి వస్తాడు, వరదమ్మని సైగ చేసి పిలుస్తాడు, ఆవిడ వచ్చాక చెబుతాడు, ఇద్దరూ లోపలికి పోతారు. మొగుడూ పెళ్ళాల పోట్లాటలు వానలో గొడుగు కింద, వీధి మధ్యలో. బుల్లబ్బులికి పెళ్ళిచూపులు కూడా వీధిలోనే జరిగాయి. లోపలికి వెళ్ళిన పెళ్ళివారు ఎవరూ నోరు మెదపని ఇల్లు చూసి, మా పిల్లకి ఇంతకంటే మంచి అత్తిల్లు దొరకదని సంబంధం ఖాయం చేసుకున్నారు.

మొన్న ఒక మధ్యాహ్నం వంటింటి తాటాకు చూరుకి నిప్పంటుకుంది. చూసింది వరదమ్మ. కేక వేస్తుందా? మొగుడి చెయ్యి పట్టుకుని వీధిలోకి తెచ్చింది. ఆగమని సైగ చేసి మళ్ళీ లోపలికి వెళ్ళి మరిదిని తెచ్చింది. మళ్ళీ వెళ్ళి, కునుకు తీస్తున్న అత్తని లేపి తెచ్చింది. ముగ్గురినీ వరసగా నిలబెట్టి, ఊపిరి పీల్చుకుని, ఇప్పుడు చెప్పింది, వంటిల్లు కాలుతోందని. చెప్పేటప్పటికి అది కాలడం అయిపోయింది. ఊరివాళ్ళు బిందెలతో పరిగెత్తుకొచ్చి మిగతా ఇంటిని కాపాడారు.

రత్తమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి వదినని పట్టుకుంది. ఒక్క కేక వెయ్యకపోయారా, ఇల్లు ముఖ్యమా ఆ మాట ముఖ్యమా అని వీధిలోనే నిలదీసింది. మంగాయమ్మ జుట్టులో బూడిద దులుపుకుని, కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుంది.

"పేరు పెట్టి చెప్పాడు రత్తమ్మా. పేరు పెట్టి చెప్పాక ఎలా కాదంటాను?"